నలభై నిమిషాల లెక్క

మా ఆఫీసులో ఆమెను అందరూ లెక్కలమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా మేడమ్ అనేవారు. ఆమె మాత్రం నన్ను మొదటి రోజు నుంచీ అన్నయ్యగారూ అని పిలిచింది. కొత్తగా చేరినప్పుడు కూర్చోవడానికి ఒక కాలు సరిగా లేని కుర్చీ ఇస్తే, స్టోర్సులోంచి మంచిది వెతికి తెచ్చి వేశాను. అంత చిన్న సాయానికే అన్నగారి హోదా వచ్చింది. స్టోర్సూ కొనుగోళ్లూ చూసేది నేనే. కాగితమైనా, బోల్టులైనా, కంప్యూటరైనా, ఏం కావాలన్నా నా కిటికీ దగ్గరికి రావలసిందే.

మా కంపెనీ బరువులెత్తే సామాను తయారుచేస్తుంది. క్రేనుకు వేలాడే కొక్కేలు, వాటి కింద కట్టే ఇనుప దూలాలు, దూలాల కొసన తాళ్లు తగిలించడానికి రంధ్రం పెట్టిన మందపాటి పలకలు. ఆ పలకలను మా షెడ్డులో చెవులంటారు. ఏ చెవి ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ వంగుతుంది, ఎక్కడ చిట్లుతుంది అన్నది ఇనుము కోయకముందే లెక్కకట్టి చెప్పడం ఆమె ఉద్యోగం. ఆమె భర్త ఒక పళ్ల డాక్టరు దగ్గర సహాయకుడు. "ఆయన పళ్లు చూస్తాడు, నేను చెవులు చూస్తాను, ఇక నోరంతా మా అమ్మాయిదే" అనేది నవ్వుతూ. తొమ్మిదేళ్ల పిల్ల.

ఆమె తండ్రి వెల్డరు. జీవితమంతా సమ్మెట చప్పుళ్ల మధ్య గడిపి సగం చెవుడు తెచ్చుకున్న మనిషి. ఆమె ఆరో తరగతిలో ఉండగా ఆయన పనిచేసే కార్ఖానాలో మనుషులు నడిచే ఇనుప వంతెన ఒకటి కూలింది. వెల్డు బాగోలేదని ఒక ముక్క రాసి ఆయన్ని ఇంటికి పంపేశారు. తప్పు తన చేతిది కాదనీ, గీసిచ్చిన బొమ్మలోనే ఉందనీ ఆయనకు తెలుసు. తెలిస్తే ఏం లాభం, వాళ్ల భాషలో వాళ్లకు చెప్పే చదువు లేదు. ఆ చదువేదో నువ్వు చదువు అని కూతుర్ని ఇంజనీరింగులో చేర్పించాడు. ఈ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, అదీ టీ తాగుతూ, ఎవరి కథో చెప్పినట్టు.

ఆమె పని ఎలా ఉంటుందో నాకు అర్థమైనంతవరకూ చెబుతాను. కంప్యూటరులో ఆ ఇనుప చెవిని చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్క పక్క ముక్కను ఎంత బలంగా లాగుతోందో కంప్యూటరు లెక్కవేస్తుంది. ముక్కలు ఎంత సన్నగా కోస్తే లెక్క అంతగా నిజానికి దగ్గరవుతుంది. ముక్కలు లక్షల్లోకి వెళ్లాయంటే మాత్రం మామూలు కంప్యూటరు మెమరీ చాలదు. ఆమెకిచ్చింది ఆ మామూలుదే, ఉత్తరాలు టైపు చేసుకునే రకం. పొద్దున తొమ్మిదింటికి లెక్క మొదలుపెడితే లోపలి ఫ్యాను పిండిమరలా మోగేది. సాయంత్రం ఆరయ్యేసరికి మెమరీ చాలదని తెర మీద ఒక వాక్యం రాసి చతికిలబడేది. ఆమె ముక్కలు కాస్త పెద్దవి చేసి మర్నాడు మళ్లీ మొదలుపెట్టేది. ముక్కలు పెద్దవైన కొద్దీ మూలల్లో దాగిన సంగతులు కనిపించకుండా పోతాయని ఆమెకు తెలుసు. అందుకే పక్కన కాగితం మీద చేత్తో కూడా లెక్క వేసుకునేది.

వర్క్‌స్టేషన్ కావాలని మొదటి ఏడాదే అడిగింది. నా కిటికీ దగ్గరికి ఒక చీటీ తెచ్చింది. రెండు ప్రాసెసర్లు, ఇప్పుడున్నదానికి పదహారింతల మెమరీ, ఇంజనీరింగు బొమ్మలకని ప్రత్యేకంగా చేసిన గ్రాఫిక్స్ కార్డు. మెమరీ దగ్గర కింద గీత గీసింది. ఎందుకు అని అడిగితే, మామూలు మెమరీలో రోజుల తరబడి నడిచే లెక్క మధ్యలో ఎక్కడో ఒక అంకె దానంతటదే మారిపోయినా మనకు తెలియదనీ, ఈ రకం మెమరీ తన తప్పు తానే పట్టుకుని దిద్దుకుంటుందనీ చెప్పింది. అలాంటి గుణం మనుషులకుంటే ఎంత బాగుండేదో అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. చీటీని పైకి పంపితే, వచ్చే ఏడాది చూద్దాం అని పెద్దాయన నోటితోనే చెప్పి తిప్పి పంపాడు. పెద్దాయనంటే మా కంపెనీ యజమాని. రెండో ఏడాది రెండో చీటీ, అదే జవాబు. చీటీలు నా సొరుగులో వేసుకున్నాను.

మూడో ఏడాది ఆయన ఒప్పుకున్నాడు. మూడో చీటీ చూసి కాదు. ఎక్కడో పెద్ద కంపెనీ ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడ అలాంటి యంత్రం చూసి వచ్చాడు. మనకూ ఉండాలి అన్నాడు. ఆమె రాసిచ్చినట్టే ఆర్డరు పెట్టాను. ఏం పనికి అన్న గడిలో లెక్కల విభాగం అని రాశాను. పెట్టె వచ్చిన రోజు ఆమె మేడ దిగి స్టోర్సులోకి వచ్చింది. నల్లటి డబ్బా, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవనంత బరువు. పక్క తలుపు తెరిచి లోపల వరసగా అమర్చిన మెమరీ పలకలను వేలితో లెక్కపెట్టుకుంది. ఆ పూట ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా పూజారి పెద్దాయన అల్లుడుగారు. అమ్మకాలు ఆయన చూస్తాడు. ఆ యంత్రాన్ని కింద హాలు పక్కనున్న అద్దాల గదిలో పెట్టించాడు. గోడంత తెర ఒకటి దానికి తగిలించాడు. వచ్చిన కొనుగోలుదారులకు మా దూలాల బొమ్మలను గిరగిరా తిప్పి చూపించేవాడు. ఇనుము మీద వెలుగు పడి మెరవడం, దూలం మెల్లగా గాలిలోకి లేవడం, వెనకాల సంగీతం. ఆ మెరుపుకు ఆ యంత్రంలో పదో వంతు సరిపోతుంది. మిగతా తొమ్మిది వంతులూ ఊరికే కూర్చునేవి. గుర్రాన్ని కొని గుమ్మానికి కట్టేసినట్టయింది.

ఒక రోజు అల్లుడుగారు నా కిటికీ దగ్గరికి వచ్చి కొనుగోలు కాగితం తీయమన్నాడు. లెక్కల విభాగం అన్నది కొట్టేసి సందర్శకుల ప్రదర్శన నిమిత్తం అని మార్చమన్నాడు. ఆడిటర్లు ఏ గదిలో వస్తువు ఏ గదిలో ఉందని అడుగుతారట. మార్చాను. చేతిరాత నాదే.

ఆమె మొదట్లో మర్యాదగా అడిగింది. సాయంత్రం ఎవరూ లేనప్పుడు రెండు గంటలు వాడుకుంటానంది. తన సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కిస్తే యంత్రం నెమ్మదిస్తుందని అల్లుడుగారు వద్దన్నాడు. పోట్లాడే మనిషి కాదామె. మేడ ఎక్కి పిండిమర దగ్గర కూర్చుంది.

ఆ ఏడాదే ఒక కొత్త దూలం ఆర్డరు వచ్చింది. కొనేవాళ్ల యార్డులో చోటు ఇరుకు. తాళ్లు నిటారుగా కాక ఏటవాలుగా లాగుతాయి. నిటారుగా లాగితే చెవికి ఏమీ కాదని ఆమె లెక్కలో తేలింది. పక్కకు లాగితే వెల్డు పక్కన మూలలో ఏమవుతుందో తేల్చాలంటే ముక్కలు సన్నగా కోయాలి. నాలుగు రోజులు ప్రయత్నించింది. నాలుగు రోజులూ ఆ కంప్యూటరు సాయంత్రానికి చతికిలబడింది. అద్దాల గది కోసం మళ్లీ అడిగింది. ఆ వారమంతా సందర్శకులున్నారన్నారు.

నివేదిక చివర ఆమె ఒక వాక్యం రాసింది. ఏటవాలుగా లాగినప్పుడు మూలల దగ్గర లెక్క పూర్తి కాలేదు, తగిన యంత్రం మీద మళ్లీ చేయాలి అని. పెద్దాయన ఆమెను పిలిపించాడు. నేను సంతకాల కోసం ఆ గదిలోనే నిలబడి ఉన్నాను. ఆయన కేకలు వెయ్యలేదు, తిట్టలేదు.

"ఈ మాట చదివినవాడు ఎవడైనా కొంటాడా తల్లీ? నీ లెక్క మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా?"

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. చేత్తో వేసిన లెక్క ప్రకారం కొంచెం వెసులుబాటు ఉందని తనకు తాను చెప్పుకుందట. అది తర్వాత నాతో అన్న మాట. అప్పుడు మాత్రం, సరే సార్, అంది. మేడ మీదికి వెళ్లి ఆ వాక్యం తీసేసి, కొత్త ప్రతి మీద సంతకం పెట్టి తెచ్చింది.

దూలం వెళ్లిన మూడో నెలలో ఆ యార్డులో ఒక యంత్రాన్ని ఎత్తుతుండగా చెవి ఊడి వచ్చింది. కింద తాళ్లు కట్టే మేస్త్రి ఉన్నాడు. పక్కకు దూకాడు గానీ కుడికాలు దొరికిపోయింది. మోకాలి కింద నుంచి తీసేశారు.

రెండు రోజుల్లోనే మా కంపెనీ ఒక మాట మీదికి వచ్చింది. వెల్డు సరిగా లేదు. ఆ చెవికి వెల్డు వేసినతన్ని గేటు దగ్గరే ఆపి, విచారణ తేలేదాకా రావద్దన్నారు. పదిహేడేళ్ల నుంచి పనిచేస్తున్న మనిషి. అతను వేసిన వెల్డు చూసి మిగతావాళ్లు నేర్చుకునేవారు. గేటు బయట కాసేపు నిలబడి, టిఫిను డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వెళ్లిపోయాడు.

ప్రభుత్వం పంపిన విచారణ అధికారికి చూపించడానికి ఒక బొమ్మ కావలసి వచ్చింది. వెల్డు బాగుండి ఉంటే చెవి ఊడేది కాదని చూపించే బొమ్మ. పెద్దాయన ఆమెను పిలిచి, ఆదివారం అద్దాల గది తీయిస్తాను, ఎంతసేపు కావాలంటే అంతసేపు వాడుకో అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. తాళంచెవి నా దగ్గర ఉంటుంది కనుక నేనూ వెళ్లాను.

తన సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కించి, మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెట్టింది. వెల్డు ఎక్కడా లోపం లేకుండా ఉన్నట్టు పెట్టింది. తాళ్లు ఏటవాలుగా లాగుతున్నట్టు పెట్టింది. ముక్కలు ఎప్పటినుంచో కోద్దామనుకున్నంత సన్నగా కోసింది. మీట నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ యంత్రం ఏ చప్పుడూ చేయలేదు. నేను బయటికెళ్లి రెండు టీలు తెచ్చాను. ఆమె టీ అలాగే చల్లారిపోయింది.

గోడంత తెర మీద చెవి కనిపించింది. ఎక్కువ భాగం నీలం, రంధ్రం చుట్టూ పసుపు, ఒక మూలలో గోరంత మేర ఎరుపు. యార్డు నుంచి వచ్చిన ఫొటోలో ఎక్కడ చీలిందో సరిగ్గా అక్కడే. వెల్డు ఎంత బాగున్నా ఆ మూల చీలక తప్పదు. ఆమె బొమ్మను అటు తిప్పింది, ఇటు తిప్పింది. లెక్కలో ఎక్కడైనా పొరపాటుందేమోనని మళ్లీ మొదటినుంచీ నడిపించింది. మళ్లీ అదే మూల ఎర్రబడింది.

ఎంతసేపు పట్టిందమ్మా అని అడిగాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని.

"నలభై నిమిషాలు అన్నయ్యగారూ. మూడేళ్లు అడిగాను. నలభై నిమిషాలు."

ఏడవలేదు. ఆ బొమ్మనూ అంకెల పట్టీనీ కాగితం మీద అచ్చు వేయించుకుని సంచిలో పెట్టుకుంది. సోమవారం పొద్దున పెద్దాయన ఆ బొమ్మ చూసి, ఇది ఎవరికీ చూపించకు అన్నాడు. మధ్యాహ్నానికల్లా యంత్రం నెమ్మదించిందని చెప్పి అల్లుడుగారు దాని డిస్కు శుభ్రం చేయించాడు. ఆమె సాఫ్ట్‌వేరూ పోయింది, లెక్కా పోయింది. కాగితం మాత్రం ఆమె సంచిలో ఉంది.

తర్వాత జరిగింది ఆమె చెబితే తెలిసింది. వారం రోజులు నోరు మెదపలేదట. భర్తతో కూడా అనలేదు. ఎనిమిదో రోజు సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతూ, ఎదురుగా కూర్చున్న తండ్రికి చెప్పింది. ఆయనకు సరిగా వినిపించదు కాబట్టి పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. అందుకని ప్రతి మాటా ఆయన ముఖంలోకి చూస్తూ, విడివిడిగా పలకాల్సి వచ్చిందట. గొణిగి తప్పించుకునే వీలు లేదు. వాక్యం తీసేసిన సంగతి కూడా అలాగే చెప్పింది.

ఆయన మొదట అడిగింది ఇదే. "వెల్డు వేసినవాడి సంగతేంటి?"

"అతని తప్పు లేదు నాన్నా. అతన్నే ఇంటికి పంపారు."

"మరి నువ్వింకా ఇక్కడెందుకు కూర్చున్నావు?"

ఆ తర్వాత ఆయన ఆ రాత్రి అన్నానికి రాలేదట.

మర్నాడు ఆమె వెల్డరు ఇంటికి వెళ్లింది. అతను వాకిట్లో కూర్చుని ఎవరిదో ఇనుప గేటుకు మడతబందులు బిగిస్తున్నాడు. ఉద్యోగం లేకపోయినా చేతులు ఊరుకోవు కదా. అతని భార్య కుర్చీ తెచ్చి వేసింది గానీ, కూర్చోమనలేదు. ఆమె నిలబడే అంతా చెప్పింది. విచారణలో నిజం చెబుతానంది. అతను రెంచి కింద పెట్టాడు.

"చెబుతానంటున్నారు, మంచిది. కానీ మూడు వారాల నుంచి మా వీధిలో నన్ను చూసి వీడే కాలు తీసినోడు అనుకుంటున్నారు మేడమ్. మా ఆవిడ కూడా ఒకసారి అడిగింది, నిజంగా సరిగానే వేశావా అని. ఆ మాట ఎవరు వెనక్కి తీసుకుంటారు?"



విచారణ మా ఆఫీసులోనే, పెద్దాయన గదిలోనే జరిగింది. అధికారి నెమ్మదస్తుడు, ప్రతిదీ రాసుకునేవాడు. ఆమె కాగితాలు బల్ల మీద పెట్టింది. మొదటి నివేదికలో తాను రాసిన వాక్యం గురించి చెప్పింది. తీసేయమన్నదెవరో చెప్పింది, తీసేసింది తానేనని కూడా చెప్పింది. తగిన యంత్రం కోసం మూడేళ్లు అడిగానంది. పెద్దాయన, నేను ఏదీ తీసేయమనలేదు, సరిచూసుకోమన్నానంతే అన్నాడు. అప్పుడు అధికారి నన్ను పిలిచాడు.

యంత్రం కొన్న కాగితం నా చేతిలో ఉంది. ఏ పనికి కొన్నారు అని అడిగితే చదివి వినిపించాను, సందర్శకుల ప్రదర్శన నిమిత్తం అని. ఆమె దీన్ని తన పనికి కావాలని ఎప్పుడైనా రాతపూర్వకంగా అడిగిందా అన్నాడు. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆమె నా వైపు చూస్తోంది. అడుగుతున్నట్టు కాదు. ఇంకేముంది, అన్నయ్యగారు చెప్పేస్తారు కదా అన్నట్టు, ధీమాగా.

"రికార్డులో లేదండి" అన్నాను.

అబద్ధం కాదు. రికార్డులో లేదు. చీటీలు మూడూ కింద నా సొరుగులో ఉన్నాయి. నాకు రిటైరు కావడానికి ఇంకా నాలుగేళ్లుంది. అంతకంటే పెద్ద కారణమేదైనా ఉంటే ఇక్కడ రాసేవాణ్ణి.

నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. ఆమె బొమ్మను అధికారి నమ్మాడు. అంతవరకూ న్యాయమే జరిగింది. వెల్డులో దోషం లేదు, లెక్కలోనే దోషం అని రాశాడు. ఆ కింద ఇంకో వాక్యం ఉంది. అదే భవనంలో తగిన యంత్రం అందుబాటులో ఉండగా దాన్ని వాడుకోకుండా అసంపూర్ణమైన లెక్క మీద సంతకం చేయడం సదరు ఇంజనీరు నిర్లక్ష్యం. ఆ కాగితం ఆమెకు అందించింది నేనే, రావలసిన కాగితాలన్నీ నా కిటికీ మీదుగానే వస్తాయి కనుక. ఆ వాక్యం దగ్గర ఆగి, పైకి ఒకసారి చదివింది. తర్వాత నవ్వింది. అలాంటి నవ్వు ఎవరి నోటా నేను మళ్లీ వినలేదు. ఆ పూటే సొంత సామాను ఒక సంచిలో సర్దుకుంది. నా కిటికీ ముందు నుంచే వెళ్లింది, ఆగలేదు.

వెల్డరును మళ్లీ పనిలోకి తీసుకున్నారు. అతను వచ్చాడు, కానీ చెవులకు వెల్డు వేయనన్నాడు. కటకటాలూ మెట్లూ వేస్తున్నాడు. తాళ్ల మేస్త్రికి రావలసిన పరిహారమేదో వచ్చిందన్నారు. ఇప్పుడు అదే యార్డులో గేటు దగ్గర కూర్చుని వచ్చే బళ్ల నంబర్లు రాసుకుంటున్నాడు. అద్దాల గదిలో కొత్త సంగీతం పెట్టారు. ఆమెకు మాత్రం లెక్కల మీద సంతకం చేసే అర్హత ఐదేళ్లు లేకుండా చేశారు. కొన్నాళ్లు ఇంట్లోనే ఉందని విన్నాను. తండ్రి ఆమెతో మాట్లాడుతున్నాడనీ, ముందుకంటే ఎక్కువే మాట్లాడుతున్నాడనీ ఎవరో అన్నారు. నేను వెళ్లి చూడలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

పోయిన నెల, పాత కొక్కేలన్నీ బయట పరీక్ష చేయించాలన్న కొత్త నిబంధన వల్ల, ఆరు కొక్కేలు బండిలో వేసుకుని ఊరి చివర పరీక్షా కేంద్రానికి వెళ్లాను. రేకుల షెడ్డు, మధ్యలో కొక్కేన్ని రెండు వైపులా పట్టి లాగే పొడవాటి యంత్రం, దాని పక్కన ఎంత బలంతో లాగుతోందో చూపించే గుండ్రటి ముల్లు గడియారం. ఆ ముల్లు చూసి అంకెలు రాసుకునే చోట ఆమె నిలబడి ఉంది. చేతులకు తోలు తొడుగులు, జుట్టుకు గుడ్డ. నన్ను చూసింది. పుస్తకంలో మా కంపెనీ పేరు రాసుకుంది. కొక్కేలు ఒక్కొక్కటే బిగించి లాగించింది. గంట పట్టింది. పాప ఎలా ఉంది అని అడుగుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆ యంత్రం చప్పుడులో వినపడదులే అని మానుకున్నాను.

"ఆరింట్లో రెండు పనికిరావు సార్. మెడ దగ్గర సాగిపోయాయి. వీటితో ఏమీ ఎత్తకండి."

సార్ అంది. రెంటికీ ఎర్ర రంగు పూసి విడిగా పెట్టి, నా వెనకున్నతన్ని రమ్మంది.

తిరిగి వచ్చి పెద్దాయనకు కాగితం చూపించాను. ఆయన చదివి, ఊఁ అని పక్కన పెట్టాడు. రంగు పూసిన ఆ రెండు కొక్కేలూ స్టోర్సులోనే, నా కుర్చీ వెనక అరలో ఉన్నాయి. వాడమని ఎవరూ చెప్పలేదు, పారేయమనీ చెప్పలేదు. నేనూ అడగలేదు.